ప్రతి ఇరవై ఐదో మనిషి

సోమవారం పొద్దున హిందూపురంలో తన ఇంటి వసారాలో కూర్చుని వెంకటేశులు వేసుకున్న పథకం చాలా తేలికైనది. పెనుకొండ దగ్గర గుట్టకిందపల్లి అని ఒక ఊరు. ఆ ఊరి ఓటర్లలోంచి ఏరిన ఇరవైమంది. రోజుకు నలుగురి చొప్పున ఐదు రోజులు. ఒక్కొక్కరినీ నలభై ప్రశ్నలు అడిగి, జవాబులు ఫారాల్లో రాసుకోవాలి. శుక్రవారం సాయంత్రం పాకాల రైల్లో వచ్చే ఆచార్య రామచంద్ర గారికి ధర్మవరం స్టేషన్లో ఆ ఫారాలు అప్పగించాలి. అంతటితో అతని తాత్కాలిక ఉద్యోగం ఖాయమవుతుంది.

అది పందొమ్మిది వందల అరవై రెండు, జనవరి నెల. ఎన్నికలకు ఇంకా నెల రోజులుంది. రాజకీయాలను గ్రంథాలయంలో కూర్చుని రాజ్యాంగం తిరగేస్తూ అర్థం చేసుకోలేమని, ఓటేసే మనిషి ఇంటికే వెళ్ళి అడగాలని ఆచార్యుల వారి సిద్ధాంతం. అందుకాయన మూడు నియమాలు పెట్టారు. జాబితాలో పేరున్నవారినే అడగాలి, వారికి బదులు మరొకరు పనికిరారు. మనిషి ఇంట్లో లేకపోతే మూడుసార్లు వెళ్ళాలి, అప్పటికీ దొరక్కపోతే ఎక్కడుంటే అక్కడికి వెళ్ళాలి. ఎవరి పేరు జాబితాలో ఉందో, ఎవరేం చెప్పారో కట్టుకున్న భార్యకు కూడా చెప్పకూడదు.

ఈ మూడో నియమం పెట్టేటప్పుడు ఆచార్యుల వారికి నీలావతి సంగతి తెలియదు. నీలావతి గోడమీది క్యాలెండరులో ఉన్న తేదీని పక్కింటి క్యాలెండరుతో సరిచూసుకునే మనిషి. పాలవాడు వరుసగా మూడు రోజులు పాలు చిక్కగా పోస్తే, ఎందుకు పోస్తున్నాడో కనుక్కునేదాకా ఆమెకు నిద్ర పట్టదు.

"యాడికి పోతాండావు?" అంది, సద్ది క్యారియరులో సంగటి సర్దుతూ.

"గుట్టకిందపల్లికి."

"ఆడ మనోళ్ళు ఎవరూ లేరే?"

"లేరు. అడగల్సినోళ్ళు ఇరవై మంది ఉండారు."

"యా ఇరవై మంది?"

"అది చెప్పకూడదు నీలా. ఆచార్యులకు మాటిచ్చినా."

నీలావతి సంగటి ముద్దను గిన్నెలోకి గట్టిగా నొక్కింది. తర్వాత మెల్లిగా అడిగింది. "అందులో ఆడోళ్ళు ఉండారా?"

"తొమ్మిది మంది."

ఆమె క్యారియరు మూత బిగించింది. ఆ మధ్యాహ్నం ఆ మూత తీయడానికి ఇద్దరు మగవాళ్ళు కావలసి వచ్చింది.

గుట్టకిందపల్లిలో మొదటి పేరు పుల్లమ్మది. ఆమెకు డెబ్బై ఏళ్ళుంటాయి. వాకిట్లో కూర్చుని శెనక్కాయలు ఒలుస్తోంది. వెంకటేశులు నమస్కారం పెట్టి, ఫారం తీసి, కలం మూత విప్పాడు.

"అవ్వా, ఓట్ల గురించి నాలుగు మాటలు అడగల్ల."

"నన్నా? మునసబు ఇల్లు ఆ పక్కనుండాది, పో."

"మునసబును కాదవ్వా, నిన్నే. నీ పేరు వచ్చింది."

పుల్లమ్మ చేతిలోని కాయ చాటలో పడేసింది. "యాడ వచ్చింది?"

"ఓటర్ల లిస్టులో ప్రతి ఇరవై ఐదో పేరూ తీసినాము. మొదటి పేరు చీటీ వేసి తీస్తే ఏడొచ్చింది. నువ్వు ఏడో నంబరు."

"ఇరవై ఐదు మందిలో ఒకర్ని తీసి, మిగతా ఇరవై నాలుగు మందిని ఏం చేస్తారు?"

"ఏమీ చెయ్యమవ్వా."

"అంటే చేసేదేమైనా ఉంటే నన్నే చేస్తారు."

"నిన్ను కూడా ఏమీ చెయ్యము!"

"ఏమీ చెయ్యనీకి హిందూపురం నుంచి రైలెక్కి వచ్చినావా నాయనా?"

వెంకటేశులు కలానికి మూత పెట్టాడు. పుల్లమ్మ చాట పక్కన పెట్టి, కొంగు భుజాన వేసుకుని మునసబు తిమ్మప్ప ఇంటి దారి పట్టింది. వెంకటేశులు రెండో ఇంటికి వెళ్ళేలోపల రెండో ఇంటి తలుపు మూసుకుంది. మూడో ఇంట్లో మనుషులు ఉన్నారుగానీ అందరూ ఒక్కసారిగా చెవిటివాళ్ళయ్యారు. మిగతా పేర్లవాళ్ళ ఇళ్ళు ఎక్కడని అడుగుతూ అతను ఊరంతా తిరిగాడు.

తిమ్మప్ప ఆ ఊరికి గ్రామ మునసబు. నలభై ఎకరాల మెట్ట, ఒక గుర్రపుబండి, తెల్లటి మీసం ఉన్న మనిషి. గడచిన రెండు ఎన్నికల్లోనూ ఆయన చెయ్యి ఎటు చూపిస్తే ఊరు అటు ఓటేసిందని ఆయనకు గట్టి నమ్మకం. పుల్లమ్మ చెప్పింది విని, పొద్దు వాలేలోపల చావడి దగ్గర ఊరిని పోగుచేశాడు. లేఖనానికి పోతులయ్యను పిలిచాడు. పోతులయ్య పటాలంలో ఎనిమిదేళ్ళు వంట చేసి వచ్చినవాడు. అందువల్ల గుట్టకిందపల్లిలో లోకజ్ఞానం అతనిదే.

ఎవరెవరి వాకిట్లో ఆ కాగితాల మనిషి నిలబడ్డాడు, ఎవరెవరి పేర్లు అడిగాడు అని పోగుచేస్తే ఇరవై పేర్లూ తేలాయి. ఇక మిగిలింది ఒకటే ప్రశ్న. ఈ ఇరవై మందినే ఎందుకు?

"భూములు పెరుక్కోనీకే" అన్నాడు ఒకడు. "పోయినేడాది చట్టం తెచ్చినారు కదా."

"పోతులయ్యకు సెంటు భూమి లేదు. వాని పేరూ ఉండాది" అన్నాడు తిమ్మప్ప. పోతులయ్య తన పేరు దగ్గర సున్నా చుట్టి, ఆ మాట కొట్టేశాడు.

"బంగారం ఉన్నోళ్ళేమో?"

పుల్లమ్మ తన బోసి చెవులు చూపించింది. అదీ కొట్టేశారు.

"సూదులు వెయ్యనీకి వచ్చినారేమో, రోగం ఉన్నోళ్ళకు?"

ఊళ్ళో ఉన్న పంతొమ్మిది మందినీ నిలబెట్టి చూశారు. పద్దెనిమిది మంది రాయిలాగా ఉన్నారు. కులం చూశారు, వయసు చూశారు, గొర్రెలు చూశారు, పట్నంలో బంధువులు ఉన్నారా అని చూశారు. ఒక ఊహ చెయ్యడం, దానిని పరీక్షించడం, నిలవకపోతే తీసివేయడం. ఆచార్య రామచంద్ర గారు రెండేళ్ళుగా విద్యార్థులకు నేర్పాలని తంటాలు పడుతున్న పద్ధతిని గుట్టకిందపల్లి ఒక్క సాయంత్రంలో ఎవరూ నేర్పకుండానే పట్టుకుంది. కాకపోతే చివరికి తేలింది మాత్రం ఆయన ఊహించనిది.

"ఈ ఇరవై మందికీ ఒకరితో ఒకరికి ఏ సంబంధమూ లేదు" అన్నాడు పోతులయ్య, కాగితం మడిచి.

"సంబంధం లేకుండా ఎవడైనా ఇరవై మందిని ఏరుతాడా?" అన్నాడు తిమ్మప్ప. "ఉండాది. మనకు దొరక్కుండా దాచిపెట్టినాడు. ఎంత తెలివి ఉంటే ఇంత దాస్తాడు!"

కాబట్టి ఎవరూ నోరు జారకూడదని తీర్మానమైంది. ఆ మనిషి ఏమడిగినా 'మునసబు చెప్పినట్ల' అనాలి. అదీ కుదరకపోతే 'తెలీదు' అనాలి. తిమ్మప్ప ఇరవై మందిలో పంతొమ్మిది మంది చేత ఆ మాట మూడుమూడుసార్లు అనిపించాడు. ఇరవయ్యో మనిషి బాలనాగమ్మ అప్పటికి ఊళ్ళో లేదు.

మంగళవారం వెంకటేశులు భయపడుతూ వచ్చేసరికి తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. అతని ప్రాణం లేచి వచ్చింది.

"ఏ అభ్యర్థికి వేస్తారో ఎట్లా తేల్చుకుంటారు?"

"మునసబు చెప్పినట్ల."

"రేడియో వింటారా?"

"మునసబు చెప్తే వింటాము."

"మీ వయసెంత?"

"మునసబు చెప్పినంత."

"పిల్లలెంత మంది?"

ఆ మనిషి కాస్త ఆలోచించి, "తెలీదు" అన్నాడు. లోపలినుంచి అతని భార్య వాడిగా ఏదో అంది గానీ, అది ఫారంలో రాయడానికి లేదు.

పని మాత్రం ఎద్దులు పరుగెత్తినట్టు సాగింది. బుధవారం మధ్యాహ్నానికే పంతొమ్మిది ఫారాలు నిండాయి. పంతొమ్మిదీ ఒకేలాగా ఉన్నాయి. రచ్చబండ మీద వాటిని పరుచుకుని చూస్తే, ఒకే ఫారానికి పంతొమ్మిది నకళ్ళు తీసినట్టుంది. వెంకటేశులు వాటిని మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. ఇవి అబద్ధాలని అతనికి తెలుసు. అవి అబద్ధాలని రాయడానికి ఫారంలో గడి లేదు. మూడేళ్ళుగా అతను చేసినవన్నీ తాత్కాలికమే. ట్యుటోరియల్లో పాఠాలు, కిందటేడాది జనాభా లెక్కలు, ఇప్పుడిది. కనీసం ఇరవయ్యో ఫారమైనా నిజాయితీగా రాయాలని అనుకున్నాడు.

ఇరవయ్యో పేరు బాలనాగమ్మది. ముప్పై ఐదేళ్ళ మనిషి, భర్త పోయి ఆరేళ్ళయింది. అన్న హనుమంతు ఇంటి వెనకభాగంలో ఉంటూ, ధర్మవరంలో మగ్గాలవాళ్ళ దగ్గర పట్టుచీరలు తెచ్చి, మూటకట్టి, చుట్టుపక్కల పెళ్ళిళ్ళ ఇళ్ళకు తిరిగి అమ్ముతుంది. మంగళవారం ఊరికి తిరిగొచ్చేసరికి, చేతిలో కాగితాలతో ఎవరో మనిషి తన పేరు పెట్టి అడుగుతున్నాడని తెలిసింది. చీరల మీద పన్ను వేయడానికి వచ్చినవాడే అని ఆమె ఒక్క క్షణంలో తేల్చుకుంది. వెంకటేశులు ముందు వాకిట్లోకి వస్తే ఆమె వెనక వాకిలిగుండా వెళ్ళిపోయింది. బుధవారం పొద్దున కూడా అంతే. బుధవారం సాయంత్రం అతను మూడోసారి వచ్చేసరికి మూటతో సహా మాయమైంది.

ఆ మూడోసారి వాకిట్లో హనుమంతు నిలబడి ఉన్నాడు. ఆరడుగుల మనిషి. అతని మీసానికే విడిగా ఓటు ఇవ్వవచ్చు.

"మా చెల్లెలితో నీకేమప్పా పని?"

"నలభై ప్రశ్నలు అడగల్లన్నా."

"నన్నడుగు."

"నిన్ను కాదన్నా. ఆమె మనసులో ఏముండాదో ఆమే చెప్పల్ల."

హనుమంతు మీసం కదిలింది. "ఆమె లేకపోతే ఇంకొకర్ని అడుక్కో. ఊర్లో ఆడోళ్ళు లేరా?"

"లేదన్నా. ఆమె తప్ప నాకింకెవరూ పనికిరారు. ఆమె యాడుంటే నేను ఆడికి పోవల్ల" అన్నాడు వెంకటేశులు, ఆచార్యుల నియమాలు రెండూ ఒకేచోట చెప్పేసి. "యాడికి పోయింది?"

ఈ మాటలకు హనుమంతు కొట్టాలో కూర్చోబెట్టాలో తేల్చుకోలేక, నోరు తెరిచి "ధర్మవరం. నేత కుళ్ళాయప్ప ఇంటికి" అనేశాడు. వెంకటేశులు ఆ మాట జేబు పుస్తకంలో రాసుకుని, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

చావడి దగ్గర హనుమంతు ఇది చెప్పగానే తిమ్మప్ప తొడ చరిచాడు.

"సంబంధం లేదు, సంబంధం లేదని మూడు దినాలుగా తల పట్టుకుంటిమి కదరా. ఇదే సంబంధం!"

ఒక్కసారిగా అన్నీ కుదిరాయి. ఆ నలభై ప్రశ్నల్లో ఏముంది? ఇంట్లో పెత్తనం ఎవరిది? భూమి ఎంత? ఎంతవరకు చదువుకున్నారు? ఎవరి మాట వింటారు? పిల్లనడగడానికి వచ్చినవాడు అడిగేవి ఇవేగా! నేరుగా ఆమె ఇంటికి పోతే బాగుండదని, ముందు పంతొమ్మిది ఇళ్ళు తిరిగి ఊరి గుణం విచారించాడు. హనుమంతు వాళ్ళ కులంలో మారుమనువు చెల్లుతుంది. హనుమంతుకు చెల్లెలి బతుకు గురించి దిగులూ ఉంది. అయినా కాగితాలు మోసే మనిషిని అంత తేలికగా నమ్మడానికి లేదు కాబట్టి, మరునాడే హిందూపురం పోయి ఆ మనిషి సంగతి విచారించి రమ్మని పోతులయ్యను పంపారు.

గురువారం వెంకటేశులు, బాలనాగమ్మ దారిలో అమ్మకాలకు ఆగిందేమోనని పెనుకొండ బజారులో చీరలమ్మకాలు జరిగే ఇళ్ళన్నీ గాలిస్తున్న వేళకు, పోతులయ్య హిందూపురంలో అతని వీధిలో కొళాయి దగ్గర నిలబడి, బిందె పట్టుకుంటున్న ఒక ఆడమనిషిని అడిగాడు.

"ఏమ్మా, ఈ వీధిలో వెంకటేశులని, కాగితాలు రాసుకుంటా తిరిగే పిల్లోడు ఉండాడా?"

"ఉండాడు. ఏం పనన్నా?"

"మంచి పనేలేమ్మా. గుణం ఎట్లాంటిదో నాలుగు మాటలు అడిగి పోదామని."

"గుణంతో ఏం పని?"

పోతులయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పెండ్లి సంబంధం."

నీలావతి బిందె నిండి నీళ్ళు పొర్లుతున్నాయి. ఆమె కొళాయి కట్టేసింది. మరొకరైతే బిందె ఎత్తి నెత్తిన పోసేవారు. కానీ నీలావతికి పూర్తిగా వినకముందే కోపగించుకునే అలవాటు లేదు.

"ఎండలో నిలబడినావు. లోపలికి రా అన్నా, మజ్జిగ తాగుదువు."

రెండు గ్లాసుల మజ్జిగలో పెళ్ళికూతురి పేరు, వయసు, ఒడ్డూపొడుగూ, చీరల వ్యాపారం, అన్న మీసం అన్నీ బయటపడ్డాయి. మూడుసార్లు వాకిట్లోకి వచ్చాడని, ఆమె తప్ప ఇంకెవరూ పనికిరారన్నాడని కూడా పోతులయ్య మెచ్చుకుంటూ చెప్పాడు.

"పిల్లోడు స్థిరమైనోడే అనిపిస్తాంది" అని గ్లాసు కింద పెట్టి, "అవునూ, నీకేమవుతాడమ్మా ఆ అబ్బాయి?" అన్నాడు.

"ఇప్పటికి మొగుడు" అంది నీలావతి.

పోతులయ్య వచ్చిన బస్సులోనే తిరిగి వెళ్ళాడు. చెప్పులు మాత్రం వసారాలోనే ఉండిపోయాయి.

సాయంత్రం వెంకటేశులు ఇంటికొచ్చి చొక్కా తగిలించి, కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి నీలావతి చేతిలో అతని జేబు పుస్తకం ఉంది. తెరిచిన పేజీలో ఇలా ఉంది: 'బాలనాగమ్మ. మూడుసార్లు పోయినా దొరకలేదు. శుక్రవారం ధర్మవరంలో ఎట్లైనా పట్టుకోవాలి.'

"ఈమె ఎవరు?"

వెంకటేశులు పుస్తకం లాక్కోబోయాడు. జాబితాలోని పేరు బయటపడింది! "ఆ పేరు నువ్వెందుకు చదివినావు?" అన్నాడు. ఆ సమయంలో అనగలిగిన మాటల్లో అంతకన్నా చెడ్డది లేదు.

"ఆమెతో ఏం మాట్లాడల్లని?"

"అది చెప్పకూడదు."

"ఎందుకు?"

"చెప్తే నా ఉద్యోగం పోతాది నీలా."

"చెప్పకుంటే ఏం పోతాదో రేపు చూస్తువులే."

ఒక్క మాట చెబితే అయిపోయేది. అది అతనికీ తెలుసు. కానీ పంతొమ్మిది దొంగ ఫారాలు సంచిలో పెట్టుకున్నవాడికి మిగిలింది ఆచార్యులకిచ్చిన ఆ మాట ఒక్కటే. దాన్ని కూడా పోగొట్టుకోవడం అతని వల్ల కాలేదు. ఆ రోజు సంగటిలోకి ఊరిబిండి పచ్చడి రాలేదు.

శుక్రవారం పొద్దున రైల్లో వెంకటేశులు ధర్మవరం బయల్దేరాడు. అతని వెనక రెండు పెట్టెల తర్వాత ఆడవాళ్ళ పెట్టెలో నీలావతి కూర్చుంది. అదే వేళకు పెనుకొండలో హనుమంతు, తిమ్మప్ప బస్సెక్కారు. పెళ్ళైనవాడు మళ్ళీ పెళ్ళికి తన చెల్లెలి వెంట పడ్డాడని తెలిసి హనుమంతు ఎముకలు విరవడానికి బయల్దేరాడు. తిమ్మప్ప ఊరి పరువు కోసం వచ్చానన్నాడు. నిజానికి ఆయనకు ఆ మనిషి మీద అనుమానం ఇంకా తీరలేదు.

ధర్మవరంలో కుళ్ళాయప్ప ఇంట్లో రెండు మగ్గాలు. ఒకదాని మీద ఆయన నేస్తున్నాడు, రెండోది ఖాళీగా ఉంది. వెంకటేశులు వీధి మలుపు తిరగడం కిటికీలోంచి చూసిన బాలనాగమ్మ చీరల మూటతో సహా ఖాళీ మగ్గం గుంటలోకి, నేతగాడు కాళ్ళు పెట్టుకునే చోటికి దిగి, పైన ఒక దుప్పటి లాక్కుంది.

"బాలనాగమ్మా? ఆ పేరే నేను వినలేదే" అన్నాడు కుళ్ళాయప్ప, పట్టుదారం కండె మార్చుకుంటూ.

"వచ్చేదాకా కూర్చుంటాలే అన్నా" అని వెంకటేశులు బయట అరుగు మీద కూర్చుని జేబు పుస్తకం తీశాడు. అతను తల వంచుకుని రాసుకుంటుంటే, కొంగు ముందుకు లాక్కున్న ఒక ఆడమనిషి అతని పక్కనుంచే లోపలికి వెళ్ళింది.

"పెండ్లిచీర చూపించన్నా" అంది నీలావతి, చాప మీద కూర్చుని నాలుగు మూలలూ పరికిస్తూ.

"ఎవరి పెండ్లికమ్మా?"

"మా ఆయన పెండ్లికి."

కుళ్ళాయప్ప చేతిలో దారం వేసే నాడె ఆగిపోయింది. ఖాళీ మగ్గం కింద దుప్పటి కదిలి, దానిలోంచి ఒక తల పైకొచ్చింది. దాక్కోవడం అవసరమే, కానీ అలాంటి మాట విన్నాక గుంటలో ఉండగలిగే మనిషి కాదు బాలనాగమ్మ.

"అదేం మాట తల్లీ! ఎవడు వాడు?"

"బయట కూర్చోనుండాడు చూడు, వాడే."

"వాడా? వాడు పన్నులోడు! మూడు దినాలనుంచి నా వెంట పడినాడు."

"పన్నులోడు కాదు. నా మొగుడు. నువ్వు బాలనాగమ్మవేనా?"

ఇద్దరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. నీలావతి ముందుగా అడిగింది. "నీతో ఏం మాట్లాడినాడు?"

"ఒక్క మాటైనా ఆడితే ఒట్టు. నేను ఆయప్పకు నా ముఖమే చూపలేదు."

నీలావతి ఆమె కళ్ళలోకి అర నిమిషం చూసింది. తర్వాత లేచి అరుగు మీదికి వచ్చి చెయ్యి చాపింది. "ఆ కాగితమియ్యి."

వెంకటేశులు చేతిలోంచి కలం జారింది. "నువ్వా! నువ్వెట్లా... ఇది వేరేవాళ్ళకు ఇయ్యకూడదు నీలా!"

"నువ్వు లోపలికొస్తే ఆమె గుంటలో దూరుతాది. సాయంత్రంలోపల ఈ ఫారం నిండల్లనా, వద్దా?"

వెంకటేశులు రైలు టైము తలుచుకున్నాడు. ఫారం ఇచ్చాడు. నీలావతి అక్కడే నిలబడి నలభై ప్రశ్నలూ రెండుసార్లు చదివింది. ఎక్కడా తేడా మాట కనిపించలేదు. తన మొగుడు నాలుగు రోజులుగా ఆడవాళ్ళను రేడియో వింటారా అని అడుగుతూ తిరిగాడన్నది నిజమే. ఆమెకు కొంత ఊరట కలిగింది. అతనంటే కొంత జాలి కూడా వేసింది.

లోపల చాప మీద మాటలు మొదలయ్యాయి.

"మీ అన్న ఎవరికి వెయ్యమంటే వాళ్ళకే వేస్తావా?"

"వాళ్ళకే తల్లీ."

"నేను నమ్మను. ఒక్కదానివే మూట ఎత్తుకుని పది ఊర్లు తిరిగేదానివి. ఓటు డబ్బా కాడ మీ అన్న ఏమన్నా తొంగి చూస్తాండాడా?"

బాలనాగమ్మ నవ్వింది. నవ్విన తర్వాత ఇక దాచడం కుదరలేదు. పోయినసారి తాను మునసబు చెప్పిన మనిషికి వేయలేదు. ఈసారీ వేయదు. ఆ మనిషి రెండు ఎన్నికలనుంచీ ఊరికి తాగునీళ్ళ బావి తవ్విస్తానంటూనే ఉన్నాడు. ఆడవాళ్ళు ఇప్పటికీ మైలు దూరం నడిచి గుట్ట ఊటనుంచి కడవలు మోస్తున్నారు. కిందటేడు ఒక నిండు చూలాలు ఆ దారిలోనే పడిపోయింది.

"నువ్వొక్కదానివేనా?"

"చీరల మూట విప్పితే మొగోళ్ళు ఇంట్లో ఉండరు తల్లీ. అప్పుడు ఆడోళ్ళు మాట్లాడుకుంటారు. అందరిదీ అదే మాట. మా పుల్లమ్మవ్వదీ అదే."

"మొగోళ్ళో?"

"వాళ్ళకూ నీళ్ళే కదా కావల్సింది. మునసబు ముందర నోరు విప్పరు, అంతే."

నీలావతి ప్రతి జవాబూ రాసింది. నమ్మని చోట మళ్ళీ అడిగి, రెండో జవాబు అంచులో రాసింది. నలభయ్యో ప్రశ్న పూర్తయ్యేసరికి బయట పెద్ద కేక వినిపించింది.

హనుమంతు వెంకటేశులును చొక్కా పట్టుకుని అరుగు మీదనుంచి లేపాడు. వెంకటేశులు కాళ్ళు నేలకు ఆనడం లేదు.

"చొక్కా వదులన్నా" అంది నీలావతి గడపలో నిలబడి. "కుట్టించి నెల కాలేదు. పెండ్లి లేదు, పాడు లేదు. ఈయన ఇంటింటికీ తిరిగి అడిగేది ఓట్ల గురించే. ఇంకేదైనా ఉంటే నీకంటే ముందు నేనే పట్టుకునుందును."

ఆ గొంతులో ఏముందో గానీ హనుమంతు వదిలేశాడు. తిమ్మప్ప మాత్రం ముందుకొచ్చి, ఆమె చేతిలోని ఫారం వైపు చెయ్యి చాపాడు. "ఏం రాయించినారు? మా ఊరి మనిషి చెప్పింది నేను చూడల్ల."

నీలావతి ఫారం మడిచి నడుముకు దోపుకుంది. ఆమె వెనకనుంచి బాలనాగమ్మ తల బయట పెట్టింది.

"చూసేదేముంది మునసబన్నా? నువ్వెవరికి చెప్తే వాళ్ళకే వేస్తానని రాయించినా."

తిమ్మప్ప మీసం సర్దుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత ఆయన మొహం మొదటిసారి విప్పారింది. "అదీ మా ఊరంటే" అన్నాడు వెంకటేశులుతో. "రాసుకో నాయనా, బాగా రాసుకో."

సాయంత్రం ధర్మవరం స్టేషన్లో పాకాల రైలు దిగిన ఆచార్య రామచంద్ర గారు బల్ల మీద కూర్చుని ఫారాలు తిరగేశారు. మూడోది చూసి కనుబొమలు ముడిచారు. పదోది చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"పంతొమ్మిది మందికీ ఒకటే మనసా?"

"ముందే అనుకుని చెప్పినారు సార్. అన్నీ అబద్ధాలే."

ఆచార్యులు నిట్టూర్చి ఇరవయ్యోది తీశారు. ఒకసారి చదివారు. కాఫీ చల్లారిపోతున్నా గమనించకుండా, అంచులన్నీ తిప్పి తిప్పి చదివారు.

"ఇది... ఇది కదా మనకు కావలసింది! ఈ ఒక్క ఫారం మిగతా పంతొమ్మిదింటినీ విప్పి చెబుతోంది. ఎలా చేశావయ్యా ఇది?"

వెంకటేశులు పక్కకు చూశాడు. నీలావతి రైలు పట్టాల వైపు చూస్తోంది. నేనే చేశానని చెబితే ఉద్యోగం ఖాయమవుతుంది. ఆమె కూడా కాదనదు. రెండు రోజులపాటు అబద్ధాలు రాసుకుని చెయ్యి నొప్పి పుట్టినవాడికి ఇంకొకటి చెప్పబుద్ధి కాలేదు.

"నేను కాదు సార్. నా భార్య."

"అంటే నియమం తప్పావు."

"తప్పినాను సార్."

"నియమం తప్పినవాణ్ణి మళ్ళీ ఊళ్ళ మీదికి పంపలేను" అన్నారు ఆచార్యులు, బాధగానే. తర్వాత నీలావతి వైపు తిరిగారు. "ఎంతవరకు చదువుకున్నావమ్మా?"

"ఎనిమిది."

"ఈమె చేత నిజం ఎలా చెప్పించావు?"

"నమ్మకుంటే సరి సార్" అంది నీలావతి. "వాళ్ళే చెప్తారు."

ఆచార్యులు ఈ మాటను తన పుస్తకంలో రాసుకున్నారు. ఆడవాళ్ళను అడగడానికి ఆడవాళ్ళే కావాలని ఆయన ఎప్పటినుంచో పైవాళ్ళకు రాస్తున్నారు. ఆ ఉద్యోగం ఆమెకిస్తానన్నారు. జవాబులు కూడి పట్టికలు కట్టడానికి ఆఫీసులో ఒక గుమాస్తా కావాలని, అక్కడ ఎవరినీ ఏమీ అడగనక్కరలేదని వెంకటేశులుతో చెప్పారు. వెంకటేశులు వెంటనే ఒప్పుకున్నాడు. నీలావతి మాత్రం ఆ ఉద్యోగం కాగితం ముందూ వెనకా చదివి, మళ్ళీ వెలుతురుకు పట్టి చూసి, ఆ తర్వాతే సంతకం చేసింది.

ఫిబ్రవరిలో ఎన్నికలయ్యాయి. ఫలితాలొచ్చిన మరునాడు తిమ్మప్ప గుట్టకిందపల్లిలో ఏడో నంబరు, ముప్పై రెండో నంబరు అని చూసుకోకుండా ఐదువందల మందినీ తానే స్వయంగా అడిగాడు. ఆయన చెప్పిన మనిషికే వేశామని ఐదువందల మందీ చెప్పారు. ఆ మనిషికి ఆ ఊళ్ళో పడినవి అరవై ఒక్క ఓట్లు.